పన్నెండు మెదళ్లు, ఒకే చెయ్యి

ఉదయం పదీ ఇరవైకి శోశామ్మ డైరెక్టరు గదిలో అడుగుపెట్టేసరికే కేసు అయిపోయింది.

"కేసు అయిపోయింది," అని కురుప్పు స్వయంగా చెప్పాడు. "మీరు అనవసరంగా బస్సెక్కి వచ్చారు. టీ తాగి వెళ్లండి."

"తాగుతాను," అంది శోశామ్మ కుర్చీ లాక్కుని. "పళంపొరి ఉంటే అదీ చెప్పండి. ఎవరు చేశారట?"

"ఫాసిల."

"ఏం చేసిందట?"

"దొంగతనం. మెదళ్ల దొంగతనం."

డైరెక్టరు మారార్ కంగారుపడ్డాడు. "మెదళ్లు కాదు కురుప్పూ, మాస్కులు. బయటెక్కడా అలా అనకండి, పత్రికలవాళ్లు గనక..." ఆయన ఏ మాటా పూర్తి చేయడు. మిగతాది వినేవాళ్లు భయపడి పూర్తి చేసుకోవాలి.

శంకరన్‌కుట్టి కురుప్పు త్రిశ్శూరు కుంజన్ స్మారక మెదడు పరిశోధన కేంద్రానికి భద్రతాధికారి. పోలీసుశాఖలో డీఎస్పీగా రిటైరయ్యాడు గానీ ఆ సంగతి ఆయనకింకా ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. ఎండైనా వానైనా చేతిలో పొడవాటి నల్ల గొడుగు ఉంటుంది. దాన్ని లాఠీలా పట్టుకుంటాడు. శోశామ్మ ముప్పైయొక్కేళ్లు సర్కారు లాబ్‌లో దొంగ సంతకాలు పట్టి, అరవై దాటాక అదే పని సొంతంగా చేస్తోంది. పదకొండేళ్ల కిందట ఒక వీలునామా మీది సంతకం అసలుదేనని కురుప్పు కోర్టులో ప్రమాణం చేస్తే, ఆవిడ అరగంటలో దొంగదని తేల్చింది. అప్పుడు జడ్జి నవ్వాడు. ఆ నవ్వు కురుప్పు చెవిలో ఇంకా ఉంది.

జరిగిందేమిటంటే, ఈ కేంద్రంలో జ్ఞాపకశక్తి మందు ఒకదాన్ని పరీక్షిస్తున్నారు. నలభైమందిని యంత్రంలో పడుకోబెట్టి తలలు ఫొటో తీశారు. సగంమంది రోగులు, సగంమంది ఆరోగ్యవంతులు. ఒక్కో తలలోనూ కొలవాల్సిన చిన్న భాగం మీద కంప్యూటర్లో రంగు పూసి గుర్తు పెడతారు. ఆ రంగునే మాస్క్ అంటారు. ప్రతి తలకీ ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా గీయాలి. శుక్రవారం సాయంత్రం డైరెక్టరు తలుపు కిందనుంచి ఎవరో ఒక కాగితం తోశారు. "చివరి పన్నెండు మాస్కులు నిజం కావు. ఆపండి." అంతే, కింద సంతకం లేదు. రాసిందెవరో తేల్చమని డైరెక్టరు శోశామ్మకి కబురు పెట్టాడు. ఇవాళ సోమవారం. సాయంత్రం నాలుగింటికి ఫలితాలు ఢిల్లీ కమిటీ ముందు పెట్టాలి.

"ఇందులో పెద్ద బుర్ర అక్కర్లేదు," అన్నాడు కురుప్పు. "గీసేది ఇద్దరు. పీహెచ్‌డీ అమ్మాయి ఫాసిల ఒకరు, పాత టెక్నీషియన్ వేలాయుధన్ ఒకరు. చివరి పన్నెండు తలలూ ఇద్దరివీ చుక్క తేడా లేకుండా ఒకటే. ముప్పై నాలుగో తల చూడండి. వేలాయుధన్ ఫైలు టైము పొద్దున పదకొండున్నర. ఫాసిల ఫైలు టైము అదే రోజు మధ్యాహ్నం రెండూ పది. పన్నెండూ ఇదే వరస. ముందు గీసిందెవరు, తర్వాత కాపీ కొట్టిందెవరు? పైగా ఆ అమ్మాయికి నెలరోజులుగా చుట్టాల పెళ్లి హడావిడి."

బల్లమీద నేరం ఒప్పుకుంటున్నట్టు టైపు చేసిన కాగితం ఒకటి ఫాసిల సంతకం కోసం సిద్ధంగా ఉంది. శోశామ్మ దాన్ని చదివి, సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి రెండుచోట్ల గుర్తు పెట్టింది.

"పశ్చాత్తాపంలో ఒత్తు పోయింది. ఇది ఫాసిల రాసిందా?"

"ఆమె తరఫున నేను..."

"ఆమె పశ్చాత్తాపపడుతోందని మీకెలా తెలుసు?"

"సంతకం పెట్టాక పడుతుంది."

శోశామ్మ ఆ కాగితం పక్కన పెట్టి, తలుపు కిందనుంచి వచ్చినదాన్ని భూతద్దంతో చూసింది. అందులో ఉన్న ఆరు మాటలకీ ఐదు నిమిషాలు పట్టింది. ఈలోగా కురుప్పు నూనె ఓడుతున్న అరటిపండు బజ్జీలు, ఆ పళంపొరిలు, రెండు తిన్నాడు.

"కుడిచేతివాటం మనిషి కావాలని ఎడమచేత్తో రాశాడు," అంది. "అక్షరాల పొందిక పాత మలయాళ లిపిది. బళ్లలో లిపి మార్చకముందు చదువుకున్నవాళ్లే ఒత్తులు ఇలా కలిపి రాస్తారు. అంటే యాభై దాటిన మనిషి. ఈ భవనంలో ఆ వయసువాళ్లు ఎవరెవరున్నారు?"

"నేను," అన్నాడు మారార్. "వేలాయుధన్. ఇంకా మన కురుప్పు..."

"మీరు రాశారా కురుప్పు సార్?"

కురుప్పుకి పొలమారింది. డైరెక్టరు లేచి జీలకర్ర నీళ్లు అందించాడు.

"ఎవరు రాశారన్నది కాదు ముఖ్యం," అన్నాడు కురుప్పు గొంతు సర్దుకున్నాక.

"నాకు మాత్రం అదే కావాలి. సాయంత్రం దాకా ఆ అమ్మాయి చేత ఏ సంతకమూ పెట్టించకండి."

"నాలుగింటిదాకా," అన్నాడు మారార్. "నాలుగు దాటితే మాత్రం మేడం, నేను ఇంక..."

* * *

గీసే గది చీకటిగా ఉంది. రెండు కంప్యూటర్ల మధ్య నిలువుగా ప్లైవుడ్ చెక్క. దానికి ఇటుపక్క ఫాసిల కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్లు ఉంటాయి, తిరూరు పిల్ల. కళ్లు వాచి ఉన్నాయి గానీ నోరు వాడిగానే ఉంది. వేలాయుధన్‌ని అన్నా అన్నట్టు ఏట్టన్ అంటుంది.

"కూర్చోండి మేడం. అది వేలాయుధేట్టన్ కుర్చీ, ఒక కాలు పొట్టి, కుడివైపు ఒరగండి. మీరూ సంతకం కోసమేనా?"

"కాదు మోళే. నాకొకటి గీసి చూపించు," అంది శోశామ్మ, సొంత కూతుర్ని పిలిచినట్టు.

ఫాసిల కాసేపు అనుమానంగా చూసి, తెరమీద ఒక తల తెరిచింది. "రొట్టె కోసినట్టు తలని ముక్కలుగా ఫొటో తీస్తారు. ఇదిగో, ఈ ముక్కలో అటొకటి ఇటొకటి, చిటికెనవేలి కొసలంత కనిపిస్తున్నాయే, అవి హిప్పోకాంపస్. జ్ఞాపకాలు పట్టి ఉంచేది అదే. దానిమీద రంగు పూస్తాను. తర్వాతి ముక్క, ఆ తర్వాతి ముక్క, అలా నలభై యాభై ముక్కలు. కంప్యూటరు రంగున్నచోటే కొలుస్తుంది, మిగతాదంతా దానికి లేనట్టే. ఒక్క గడి పక్కకి పోతే కొలత తప్పు."

"ఓణం పూక్కళం ముగ్గులో తుమ్మిపూలు పక్క గడిలో పడ్డట్టు."

"అంతే. కాకపోతే అక్కడ అమ్మ తిడుతుంది, ఇక్కడ పీహెచ్‌డీ పోతుంది."

ఆమె చెయ్యి తెరమీద చకచకా కదిలింది. శోశామ్మ తెరని కాకుండా ఆ చేతినే చూసింది.

"అంచుకి సన్నటి తెల్ల గీత ఉంది చూశావా, దాన్ని కూడా లోపల కలిపేశావు."

ఫాసిల ఆగిపోయింది. "మీకెలా కనిపించింది? నేర్చుకునేవాళ్లకి ఆరు నెలలు పడుతుంది."

"ముప్పైయేళ్లు సున్నా ఎక్కడ ముగిసిందో చూసే బతికాను."

"నేను కలుపుకుంటాను. వేలాయుధేట్టన్ కలపరు. మూడేళ్లుగా దానిమీద మాకు గొడవ. ఆయనే నాకు చెయ్యి పట్టుకుని నేర్పారు. ఇక్కడ గీసేవాళ్లందరికీ ఆయనే నేర్పారు. అయినా ఈ ఒక్క గీత దగ్గర ఆయన మాట నేను వినను, నా మాట ఆయన వినరు."

"ఇద్దరివీ పక్కపక్కన పెడితే ఎంత కలుస్తుంది?"

"నూటికి ఎనభై ఎనిమిది, తొంభై. తొంభై రెండు వచ్చిన రోజు క్యాంటీన్లో పాయసం తాగాం."

"నూటికి నూరు వస్తే?"

"రాదు. ఒకే మనిషి రెండుసార్లు గీసినా రాదు."

"సంతకమూ అంతే," అంది శోశామ్మ. "ఒకే మనిషివి రెండు సంతకాలు అచ్చుగుద్దినట్టు ఉంటే, వాటిలో ఒకటి దొంగది. సరే, ఆ పెళ్లి సంగతేంటి?"

"మా మామ కూతురి నిఖా. పోయిన బుధ, గురువారాలు సెలవు పెట్టి వెళ్లాను. అదీ నేరమేనట."

"బిర్యానీ బాగుందా?"

"నేనిక్కడ ఏడుస్తుంటే మీరు బిర్యానీ అడుగుతారేంటి మేడం?"

"నువ్వు ఏడవడం లేదు, కోపంగా ఉన్నావు. అందుకే అడిగాను."

ఫాసిల ముక్కు ఎగబీల్చింది. "బాగుంది. కొంచెం ఉప్పు ఎక్కువైంది."

ఆ తర్వాత ఇద్దరూ కలిసి నలభై తలల మాస్కులూ అచ్చు తీశారు. శోశామ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నేలమీద మోకాళ్ల మీద కూర్చుంది. ఎడమపక్క వేలాయుధన్‌వి, కుడిపక్క ఫాసిలవి. మొదటి ఇరవై ఎనిమిదింటిలో ఒక పక్క తెల్ల గీత లోపల ఉంది, మరో పక్క బయట ఉంది. ఒకరి గీత తోక సన్నగా పైకి లేస్తోంది, మరొకరిది మొద్దుగా తెగిపోతోంది. చదువు రానివాళ్లయినా రెండు చేతులని చెప్పగలరు. ఇరవై తొమ్మిది నుంచి మాత్రం ఎడమపక్క చెయ్యి మాయమైపోయింది.

పదకొండూ యాభైకి ఆవిడ లేచి నడుం పట్టుకుంది.

"చివరి పన్నెండూ రెండువైపులా నీ చెయ్యే మోళే. నువ్వు కాపీ కొట్టలేదు. నీది కొట్టారు."

ఫాసిల సంతోషిస్తుందని ఆవిడ అనుకుంది. ఆ పిల్ల ప్లైవుడ్ చెక్క వైపు చూసి, "వేలాయుధేట్టన్ ఆ పని చెయ్యరు," అంది. మళ్లీ అదే మాట అంది.

తలుపు దగ్గర గొడుగు టకటకలాడింది. కురుప్పు లోపలికొచ్చి ఒక అచ్చు కాగితం తీసి చూశాడు.

"చేతి గీతలు చూసి జాతకం చెప్పడం కోర్టులో చెల్లదు మేడం. టైము చెల్లుతుంది. కొచ్చిలో నేను మూడురోజుల సైబర్ ట్రైనింగ్ తీసుకున్నాను. మనిషి అబద్ధం చెప్తాడు, కంప్యూటరు చెప్పదు."

"దానికి ఏ టైము చెబితే ఆ టైమే చెప్తుంది," అంది శోశామ్మ. ఆ కాగితం వెనక్కి తీసుకుని, దానిమీద పడిన నూనె మరక చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన రాసింది: కురుప్పు సార్ బొటనవేలు, పన్నెండు గంటలు, పళంపొరి.

* * *

ఫొటోలు తీసే యంత్రం కింది అంతస్తులో ఉంది. వేలాయుధన్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. యాభై ఆరేళ్ల బక్కపలచటి మనిషి, నుదుట చందనం, ఇస్త్రీ చొక్కా. ఆయన కోపంగా మాట్లాడగా విన్నవాళ్లు ఆ కేంద్రంలో లేరు.

"మేడం, మీ దగ్గర ఇనుము ఏదైనా ఉందా? తాళాలు, పిన్నీసులు, వాచీ? గుండెలో యంత్రం?"

శోశామ్మ సంచి, వాచీ, చీర పిన్నులు రెండు తీసి ట్రేలో పెట్టింది. "మనుషులు ఎక్కడ పడుకుంటారో చూడాలి."

"చూడండి. యంత్రంలో అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, అందుకే అడుగుతాం. ఇనుము ఏదైనా ఉందా మేడం? వాచీ, పిన్నీసులు?"

"లేవు. ట్రేలో పెట్టాను."

ఆయన తల ఊపి, లోపలి తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెద్ద తెల్లటి గొట్టం, దానిలోకి జారే బల్ల. ఆవేళ ఎవరూ పడుకుని లేరు. శోశామ్మ బల్లదాకా వెళ్లి వంగి చూస్తుంటే ఆయన వెనకనుంచి అన్నాడు: "మేడం, తాళాలు, పిన్నీసులు ఏమైనా ఉన్నాయా?"

మూడోసారి కూడా ఆవిడ ఓపిగ్గా, "లేవు వేలాయుధన్," అంది. కానీ ఈసారి వెనక్కి తిరిగి ఆయన మొహం చూసింది.

అప్పుడే కురుప్పు దిగాడు. "నేను లేకుండా సాక్ష్యాలు ముట్టుకోకూడదు," అంటూ గొడుగు ఊపుకుంటూ లోపలికి నడిచాడు. వేలాయుధన్ తలుపు పట్టుకుని, అతిథిని పంపినట్టు మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు. గొడుగుని చూశాడు. ఏమీ అనలేదు.

కురుప్పు చేతిలోంచి గొడుగు బయల్దేరింది. ఎవరూ విసరలేదు. అది నిటారుగా లేచి, శోశామ్మ భుజం పక్కనుంచి దూసుకుపోయి, గొట్టంలోకి దూరి గోడకి ఠప్పున అతుక్కుంది. ఆ దెబ్బకి మీట ఊడి, లోపల చక్కగా విచ్చుకుంది. పిడి ఇంకా తన చేతిలోనే ఉందనుకుంటున్న కురుప్పు రెండడుగులు దాని వెనకే నడిచాడు.

ఆయన ఖాళీ అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"అది నాది," అన్నాడు కురుప్పు చివరికి.

దాన్ని బయటికి లాగడానికి ముగ్గురికీ పావుగంట పట్టింది. కురుప్పు బల్లమీద బోర్లా పడుకుని గొట్టంలోకి పాకితే, శోశామ్మ, వేలాయుధన్ ఆయన కాళ్లు పట్టుకున్నారు. మూడు ఊచలు వంగిపోయాయి. వేలాయుధన్ వాటిని వేళ్లతో సరిచేయబోయాడు.

"నేను అడగలేదు," అన్నాడు మెల్లగా. "ఇరవయ్యేళ్లలో ఈ గదిలోకి తలపిన్ను కూడా రానివ్వలేదు. కురుప్పు సార్‌ని నేను అడగలేదు."

"పర్వాలేదయ్యా, గొడుగేగా," అన్నాడు కురుప్పు. ఎవరూ అడక్కముందే ఆయన ఒకరిని క్షమించడం ఆ కేంద్రంలో అదే మొదటిసారి.

శోశామ్మ బయటి గదిలోకొచ్చి రిజిస్టరు అడిగింది. పెద్ద అట్టపుస్తకం, వేలాయుధన్ చేతిరాత, నీలం సిరా. ప్రతి తలకీ నంబరు, తేదీ, యంత్రంలో పడుకున్న టైము. గోడ గడియారం చూసి రాసినవి. ఆవిడ వేలు పెట్టుకుంటూ కిందికి దిగి ముప్పై నాలుగు దగ్గర ఆగింది.

"కురుప్పు సార్, చదవండి."

"మంగళవారం. మధ్యాహ్నం పన్నెండూ ఐదు." కురుప్పు కళ్లజోడు సర్దుకున్నాడు. "అయితే?"

"ఆ మనిషి పన్నెండూ ఐదుకి బల్లమీద పడుకున్నాడు. మీ సైబర్ లెక్క ప్రకారం వేలాయుధన్ ఆ తలని అదే రోజు పదకొండున్నరకే గీసేశాడు. ఫొటో తీయకముందే."

కురుప్పు పెదాలు కదిలాయి. వేళ్లమీద ఏదో లెక్కపెట్టి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"రిజిస్టరు తప్పయి ఉంటుంది."

"పదండి, గడియారం చూద్దాం."

పైన గీసే గదిలో వేలాయుధన్ కంప్యూటరు తెరిస్తే అది పొద్దున ఎనిమిదీ నలభై చూపించింది. గోడమీద ఒంటిగంటా ఐదు. రోగుల వివరాలు బయటికి పోకూడదని ఆ రెండు కంప్యూటర్లకీ ఇంటర్నెట్ ఇవ్వలేదు. అందుకే టైము తనంతట తాను సరిపడదు.

"లోపలి బ్యాటరీ చచ్చిపోయింది," అన్నాడు వేలాయుధన్. "గడియారం వెనకబడుతోంది. కొత్తది కావాలని మూడు అర్జీలు పెట్టాను. పరిశీలనలో ఉందని డైరెక్టరు గారు రాశారు."

"మంగళవారం ఇది ఎంత వెనకబడిందో దానికే తెలియాలి," అంది శోశామ్మ. "దీని టైము చెల్లదు, చెయ్యి చెల్లుతుంది. ముందు గీసింది ఫాసిల."

కురుప్పు వంగిన గొడుగుని గోడకి ఆనించాడు. తర్వాత జేబులోంచి టైపు చేసిన కాగితం తీసి నాలుగుగా మడిచి లోపల పెట్టుకున్నాడు. ఫాసిల అది చూసింది.

* * *

శోశామ్మ కాలు పొట్టి కుర్చీ వేలాయుధన్‌కి ఇచ్చి, తను స్టూలు మీద కూర్చుంది.

"తలుపు కిందనుంచి కాగితం తోసింది మీరే కదా?"

"నేనే."

"మాస్కులు కాపీ చేసిందీ మీరే."

"అవును మేడం."

"ఒక్క నిమిషం," అన్నాడు కురుప్పు. "దొంగా ఫిర్యాదీ ఒకడే అయితే ఎఫ్ఐఆర్ ఎవరి మీద రాస్తారు?" ఆయన కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

వేలాయుధన్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఓణం వెళ్లాక ఒకరోజు గీయడానికి కూర్చున్నాను. ఫొటో ఎదురుగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. గంటసేపు చూశాను. మర్నాడు తెలిసింది, హాయిగా గీశాను. తర్వాతి వారం మళ్లీ తెలియలేదు. డిస్కులు పెట్టే బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. ఫాసిలది తీశాను."

"నాతో చెప్పొచ్చుగా ఏట్టా," అంది ఫాసిల.

"నీకు నేర్పినవాణ్ణి. నీతో ఎలా చెప్పను మోళే?"

"వీళ్లు నన్ను పట్టుకున్నారు. అప్పుడైనా..."

"శనివారం కురుప్పు సార్ గదికి వెళ్లాను. అంతా చెప్పేశాను. చెప్పాననే అనుకున్నాను."

కురుప్పు కిటికీ దగ్గరనుంచి తిరిగాడు. "వచ్చాడు. పది నిమిషాలు నిలబడ్డాడు. నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి వెళ్లిపోయాడు." ఆయన గొంతులో డీఎస్పీ లేడు.

"మరి కాగితం ఎందుకు రాశారు?" అంది శోశామ్మ.

"ముప్పై ఏడో తల వల్ల." వేలాయుధన్ ఫాసిల వైపు చూడలేదు. "ఆరోగ్యవంతులు తక్కువపడ్డారని సిబ్బందినే పడుకోమన్నారు. నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. ముప్పై ఏడు నేను."

ఫాసిల నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ తల గీసింది ఆమే.

"నీ కొలత సరైనదే మోళే, భయపడకు. నేను నాలుగువేల తలలు చూశాను, నాకు మాస్కు అక్కర్లేదు. రెండు పక్కలా ఎండిపోయి ఉంది. దాన్ని ఆరోగ్యవంతుల్లో కలిపి ఢిల్లీకి పంపితే లెక్కంతా తప్పుతుంది. రేపు ఆ మందు ఎవరెవరో వేసుకుంటారు. నోటితో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. రాశాను."

శోశామ్మ లాబ్‌లో ఉన్న ముప్పైయొక్కేళ్లలో చాలామంది ఆవిడ ముందు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఆవిడకి సంతోషం వేసేది. ఇవాళ వేయలేదు. పైగా ఇంకొక ప్రశ్న మిగిలి ఉంది, అది అడగాలని లేదు.

"వేలాయుధన్, ఇవాళ మీరు గొడుగు సంగతి మర్చిపోయారు. ఈమధ్య ఇంకేమైనా మర్చిపోయారా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న పసుపుపచ్చ గొట్టం మాత్ర తీసి బల్లమీద పెట్టాడు.

"ఇదేంటి?"

ఫాసిల వంగి చూసింది. "చేపనూనె మాత్ర. ఫొటో తీసేముందు కుడి కణత మీద అంటిస్తాం. ఫొటోలో తెల్ల చుక్కలా పడుతుంది. ఏది కుడో ఏది ఎడమో దాన్నిబట్టే సరిచూస్తాం. ఇది మీ జేబులోకి ఎలా వచ్చింది ఏట్టా?"

"గురువారం రాత్రి చొక్కా తడపబోతూ మా ఆవిడ తీసి ఇచ్చింది. ఆరోజు ఒక్కరికే ఫొటో తీశాను. త్రేస్య టీచర్. పన్నెండేళ్లుగా మూర్ఛలు. ఒకపక్క హిప్పోకాంపస్ పాడైపోయింది, దాన్ని తీసేస్తే నయమవుతుందన్నారు. ఏ పక్కదో మనం మాస్కు గీసి ఆసుపత్రికి పంపాలి."

"గురువారం నేను లేను," అంది ఫాసిల.

"లేవు. కాపీ చేయడానికి నీది లేదు. నేనే గీశాను. బాగా వచ్చిందనుకున్నాను." ఆయన మాత్రని వేలితో దొర్లించాడు. "మనిషిని ఎటు పడుకోబెట్టామో యంత్రానికి చెప్పాలి. తప్పు చెబితే కుడి ఎడమవుతుంది. సరిగ్గా చెప్పానో లేదో గుర్తులేదు. మాత్ర ఉండుంటే తెలిసేది."

శోశామ్మ లేచి నిలబడింది. "తప్పయితే బాగున్న పక్క తీసేస్తారు."

"అవును మేడం. రెండోది ఎలాగూ పాడైందేగా. ఇంక ఆవిడకి ఏదీ గుర్తుండదు." నా సంగతి కూడా అంతేగా అన్నట్టు ఆయన తల ఊపాడు. "అది చెప్పాలనే ఈ మాత్ర జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. చూసినప్పుడల్లా ఎందుకు పెట్టుకున్నానా అనుకుంటున్నాను."

"ఆపరేషన్ ఎప్పుడు?"

వేలాయుధన్ వెనక జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ఒక్కో పేజీ తిప్పి, వేలు పెట్టి చదివాడు.

"ఊళ్లోనే ఆసుపత్రి. ఇరవై రెండో తారీఖు, మధ్యాహ్నం రెండింటికి." తల ఎత్తినప్పుడు ఆయన మొహంలో ఊరట కనిపించింది. "అయితే ఇంకా టైముంది కదా మేడం. ఇవాళ తారీఖెంత?"

గోడమీద ఒంటిగంటా ఇరవై ఆరు అయింది. ఫాసిల ఫోను అందుకుంది.

"ఇరవై రెండు," అన్నాడు కురుప్పు. అప్పటికే ఆయన సగం మెట్లు దిగిపోయాడు.